వాడుక నాణేల స్థితి, విలువ నిర్ధారణ

వాడుక నాణెం అనగా ప్రజల చేతులు మారుతూ కొంతకాలం చలామణీలో ఉన్న నాణెం. అది ఎంత అరిగినది, ఏయే దెబ్బలు తిన్నది పరిశీలించి దానికొక శ్రేణిని నిర్ణయించడాన్ని స్థితి నిర్ధారణ అంటారు. ఆ స్థితిని, నాణెపు లభ్యతను, లోహాన్ని, కోరేవారి సంఖ్యను బట్టి ఎంత ధర రాగలదో అంచనా వేయడం విలువ నిర్ధారణ. ఈ రెండూ వేరు వేరు పనులు. మొదటిది కంటితో చూసి చెప్పవలసినది, రెండవది బజారును తెలుసుకొని చెప్పవలసినది.

నాణెం పాతదైనంత మాత్రాన విలువైనది కాదు. శాతవాహనుల కాలపు సీసపు నాణేలలో బాగా అరిగినవి నేటికీ కొద్దిపాటి ధరకే దొరుకుతాయి. వాటికంటే ఎన్నో శతాబ్దాల తరువాత వచ్చిన 1911 నాటి ఐదవ జార్జి రూపాయికి అంతకు ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. ఈ రూపాయిపై రాజు ధరించిన వస్త్రం మీది ఏనుగు పందివలె కనబడుతున్నదని అభ్యంతరాలు వచ్చినందున, విడుదల కాని నాణేలను కరిగించివేసి 1912 నుండి బొమ్మను మార్చారు. కాబట్టి అది తక్కువగా మిగిలినది. వయస్సు కాదు, కొరత ధరను పెంచుతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణలుగా ఎక్కువగా హైదరాబాదు టంకశాల నాణేలను తీసుకోవడం జరిగినది.

హైదరాబాదు, సికింద్రాబాదు నాణేల నేపథ్యం

హైదరాబాదు ప్రభుత్వ టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో ఏర్పడినది. 1903లో ఇది సైఫాబాదుకు మారినది. 1950లో భారత ప్రభుత్వ అధీనంలోకి వచ్చి, 1997లో చర్లపల్లికి తరలినది. 2006లో ఏర్పడిన భారత సెక్యూరిటీ ముద్రణ, టంకశాలల సంస్థ కింద ప్రస్తుతం పనిచేస్తున్నది. సైఫాబాదులోని పాత భవనంలో 2022 జూన్‌లో నాణేల ప్రదర్శనశాల ప్రారంభమైనది.

సికింద్రాబాదుకు ఈశాన్యంగా, విశ్రాంత సైనికోద్యోగుల నివాస కాలనీగా రూపొందిన సైనిక్‌పురి నుండి చర్లపల్లి టంకశాల కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ఈ ప్రాంతపు ఇళ్లలోని పాత పెట్టెలు తెరిచినప్పుడు సాధారణంగా మూడు తరహాల నాణేలు కలగలిసి కనిపిస్తాయి. మొదటివి నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలు. రెండవవి బ్రిటిషు ఇండియా రూపాయలు. ఇవి యంత్రంతో ముద్రించినవి కాబట్టి హైదరాబాదులో వీటిని కల్దారు రూపాయలనేవారు. మూడవవి స్వతంత్ర భారత నాణేలు. సికింద్రాబాదు బ్రిటిషు దండు ప్రాంతం, అనగా లష్కరు, కావడం వలన అక్కడ హాలీ, కల్దారు రెండూ పక్కపక్కనే నడిచేవి. 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ మారకం. అనగా ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఈ లెక్క ఊరికే వచ్చినది కాదు. కల్దారు రూపాయి తూకం 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్లు. వీటిలోని అసలు వెండిని లెక్కిస్తే వరుసగా సుమారు 10.69, 9.14 గ్రాములు వస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి కూడా దాదాపు ఏడుకు ఆరే.

1951లో హాలీ సిక్కా జారీ ఆగిపోయినది. 1959లో దాని చెల్లుబాటు రద్దయినది. కనుక నేడు హాలీ రూపాయికి ముఖవిలువ అనేది లేదు. ఉన్నది వెండి విలువ, సేకరణ విలువ మాత్రమే.

నాణెం భాగాలు

తెలుగువారు బొమ్మ, బొరుసు అని పిలిచే రెండు ముఖాలతో పాటు నాణేనికి అంచు అనే మూడవ వైపు కూడా ఉన్నది. చాలామంది దీనిని చూడరు. రెండు ముఖాల చుట్టూ కాస్త ఎత్తుగా ఉండే వలయం గట్టు. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు బొమ్మ రాపిడికి గురికాకుండా ఇది కాపాడుతుంది. అక్షరాలు, బొమ్మ లేని ఖాళీ స్థలం తలం. నాణేన్ని ఎల్లప్పుడూ అంచు పట్టుకొని చూడాలి. తలంపై పడిన వేలిముద్రలోని చెమట కొంతకాలానికి లోహంలోకి దిగి శాశ్వతమైన మచ్చగా మారుతుంది.

స్థితి శ్రేణులు

నాణేల స్థితిని తెలుపడానికి వర్తకులు, సేకర్తలు ప్రపంచమంతటా ఇంచుమించు ఒకే పదాలను వాడతారు. కింది నుండి పైకి పూర్, ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అన్‌సర్క్యులేటెడ్ అనేవి వీటి వరుస. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ఆ దేశపు పాత పెద్ద సెంటు నాణేల కోసం 1 నుండి 70 వరకు అంకెల కొలమానాన్ని ప్రతిపాదించాడు. తరువాత దానిని మిగిలిన నాణేలకు కూడా వర్తింపజేశారు. ఇందులో 60, ఆపైన వచ్చినవి చలామణీకి రాని నాణేలు.

ఈ పదాలను విద్యార్థుల ప్రగతి పత్రంలోని మాటలుగా అర్థం చేసుకోరాదు. 'గుడ్' అంటే మంచిదని కాదు. బొమ్మ ఆకారం, ఏ నాణెమో పోల్చుకోగలిగినంత అక్షరం మిగిలి, మిగతాదంతా అరిగిపోయిన నాణేనికి ఆ మాట వాడతారు. 'ఫైన్' అన్నదానిలో అక్షరాలన్నీ చదవవచ్చు, కాని బొమ్మలోని సన్నని గీతలు చాలావరకు పోయి ఉంటాయి. 'వెరీ ఫైన్'లో ఎత్తైన చోట్ల మాత్రమే అరుగుదల ఉండి, లోపలి వివరాలు స్పష్టంగా నిలుస్తాయి. 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'లో అరుగుదల కోసం వెదకవలసి వస్తుంది. చాలాకాలం చేతులు మారిన మామూలు నాణేలు సాధారణంగా గుడ్, వెరీ ఫైన్ మధ్యలోనే ఉంటాయి. 'ప్రూఫ్' అన్నది శ్రేణి కాదు. ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో, బిళ్ళలతో ముద్రించే పద్ధతికి ఆ పేరు. ప్రూఫ్ నాణేన్ని జేబులో వేసుకొని తిరిగితే అది అరిగిన ప్రూఫ్ అవుతుంది, అంతే.

అరుగుదలను గుర్తించడంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. కొన్ని నాణేలు టంకశాలలోనే బలహీనంగా అచ్చుపడతాయి. అప్పుడు బొమ్మ మధ్యభాగం చదునుగా ఉంటుంది, కాని అక్కడ కూడా తలంపై ఉన్న మెరుపే ఉంటుంది. అరుగుదల వలన చదునైన చోట మెరుపు పోయి, రంగు మారి, నునుపుగా జారినట్లు కనిపిస్తుంది. రెండవది, కొత్త నాణేలు సంచులలో ఒకదానినొకటి కొట్టుకొని చిన్న గాట్లు పడతాయి. వీటి వలన నాణెపు అందం తగ్గుతుందే కాని అది చలామణీ అయినదని చెప్పడానికి వీలులేదు. కొత్త నాణేన్ని దీపం కింద మెల్లగా వంచి తిప్పినప్పుడు బండిచక్రపు ఆకుల వలె వెలుగు చారలు తిరుగుతాయి. ఈ చారలు తెగకుండా గట్టు నుండి గట్టు వరకు తిరిగితే నాణెం చలామణీ కానిదని భావించవచ్చు.

చార్మినార్ రూపాయిని పరిశీలించడం

హాలీ రూపాయలలో ఎక్కువగా దొరికేది చార్మినార్ బొమ్మ గల రూపాయి. మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో హిజ్రీ 1321, అనగా 1903-04, నుండి ఈ బొమ్మ నాణేలపైకి వచ్చినది. 1911లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తరువాత కూడా అదే బొమ్మ కొనసాగినది. అయితే చార్మినార్ కమాను లోపల ఆయన పేరులోని మొదటి అక్షరమైన 'అయిన్' చేరినది. హిజ్రీ 1329, 1330 నాటి తొలి నాణేలలో ఈ అక్షరం సగమే కనిపిస్తుంది. తరువాతివాటిలో పూర్తిగా ఉంటుంది. కాబట్టి భూతద్దంతో చూడవలసిన మొట్టమొదటి చోటు ఆ కమాను. నాణెం ఏ నిజాముదో అక్కడే తేలిపోతుంది.

పారసీ అంకెలు చదవడం రానివారు తరచుగా పొరబడే విషయం మరొకటి ఉన్నది. నాణెంపై ఆసఫ్ జా బిరుదుతో పాటు '92' అనే అంకె ఉంటుంది. ఇది సంవత్సరం కాదు. అక్షరాలకు అంకెల విలువలిచ్చే అబ్జద్ లెక్కలో మొహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం (40, 8, 40, 4 కలిపి). అసలు సంవత్సరం నాలుగంకెల హిజ్రీ సంవత్సరం. దీనితో పాటు నిజాం పాలనా సంవత్సరం, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అనే టంకశాల పేరు కూడా ఉంటాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు 1330కి 1912 వస్తుంది.

తరువాత అరుగుదల చూడాలి. ఏ నాణెంలోనైనా ఎత్తుగా ఉన్నవి ముందు అరుగుతాయి. చార్మినార్ రూపాయిలో మీనార్ల మీది సన్నని గీతలను, కట్టడం అంచులను చూడాలి. ఈ గీతలన్నీ విడివిడిగా లెక్కపెట్టగలిగితే నాణెం మంచి స్థితిలో ఉన్నట్లే. గీతలు కలిసిపోయి కట్టడం ఒక్క దిమ్మెలాగా కనిపిస్తే ఫైన్, అంతకు దిగువ శ్రేణులు. కల్దారు రూపాయిలలో ఈ పరీక్ష రాజు కిరీటంలోని రత్నాలపై, ఐదవ జార్జి వస్త్రం మీది ఏనుగు తొండంపై చేస్తారు.

తూకం మూడవది. నగల దుకాణంలో వాడే తక్కెడలో తూచినప్పుడు 11.18 గ్రాములకు కొద్దిగా తక్కువ రావడం సహజం, అది అరుగుదల. బాగా తక్కువ వస్తే అనుమానించాలి. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయలలో హిజ్రీ 1361 తరువాతివి (1942 నుండి) అదే తూకంలో ఉన్నా, వెండి సగమే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వెండి కరవైనందున బ్రిటిషు ఇండియా కూడా 1940 నుండి తన రూపాయిలో వెండిని సగానికి తగ్గించినది. ఈ సంవత్సర భేదం తెలియక, సగం వెండి రూపాయిని పాత రూపాయి ధరకు కొన్నవారు, పాత రూపాయిని సగం ధరకు అమ్ముకున్నవారు ఇద్దరూ ఉన్నారు.

అయస్కాంతంతో పరీక్షించడం పూర్తిగా నమ్మదగినది కాదు. వెండి అంటుకోదన్నది నిజమే. కాని పులి బొమ్మ గల 1947 రూపాయి నికెలుతో చేసినది, అది అంటుకుంటుంది. అంతమాత్రాన నకిలీ కాదు. పూర్వం షావుకార్లు రూపాయిని రాతిపై వేసి మోగించి చూసేవారు. ఇప్పుడా పని చేస్తే గట్టు నొక్కుకుపోయి నాణెం ధర పడిపోతుంది.

రంధ్రాలు, గాట్లు, కొక్కేలు

బంజారా స్త్రీలు రూపాయి నాణేలను నగలలోను, దుస్తులలోను కుట్టుకోవడం తెలంగాణలో పరిపాటి. మిగిలినవారు కూడా రూపాయలను దండలుగా గుచ్చుకునేవారు. ఈ విధంగా కొక్కెం అతికిన నాణేలు, బెజ్జం వేసిన నాణేలు, ఆ తరువాత బెజ్జం పూడ్చిన నాణేలు ఈ ప్రాంతంలో చాలా కనిపిస్తాయి. వీటికి సేకర్తలు ఇచ్చే ధర సాధారణంగా వెండి ధరను దాటదు. అయితే వంశపారంపర్యంగా వచ్చిన దండకు నగగా, జ్ఞాపకంగా ఉన్న విలువ వేరు. నాణేల వర్తకుని మాట విని దానిని విడగొట్టడం తెలివైన పని కాదు.

పుట్టుకతోనే బెజ్జం ఉన్న నాణేలూ ఉన్నాయి. 1943 నుండి 1947 వరకు వచ్చిన బ్రిటిషు ఇండియా కంచు పైసాను తెలుగువారు చిల్లు కాణీ అన్నారు. అదే కాలంలో నిజాం ప్రభుత్వం కూడా బెజ్జం గల రెండు పైల కంచు నాణేన్ని ముద్రించినది. వీటిలోని బెజ్జం దోషం కాదు. అలాగే యంత్రాలు రాకముందు సుత్తితో కొట్టి చేసిన పాత రూపాయలపై సరాఫులు లోహాన్ని పరీక్షించడానికి వేసిన చిన్న గాట్లు ఉంటాయి. అవి ధరను తగ్గించినా, ఆ నాణెం నిజంగా బజారులో తిరిగినదనడానికి అవే సాక్ష్యం.

స్వతంత్ర భారత నాణేలు

దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. వీటిపై సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు ఏ టంకశాలదో తెలుపుతుంది. అయిదు కోణాల నక్షత్రం హైదరాబాదుది, వజ్రం బొంబాయిది, చుక్క నోయిడాది. కలకత్తా నాణేలపై గుర్తు ఉండదు. హైదరాబాదు తొలి గణతంత్ర నాణేలలో చీలిన వజ్రం, చుక్క గల వజ్రం కూడా కనిపిస్తాయి. ఒకే సంవత్సరపు నాణెంలో ఒక టంకశాలది సులభంగా దొరికి మరొకదానిది అరుదు కావచ్చు. అందువలన ధర చూసేటప్పుడు నాణెం పేరు, సంవత్సరం, గుర్తు మూడింటినీ కలిపి చూడాలి.

వీటిలో అత్యధిక భాగం కోట్ల సంఖ్యలో ముద్రితమైనవే. 1988 నుండి వచ్చిన ఖడ్గమృగం బొమ్మ గల స్టీలు పావలా వంటివి అరిగిన స్థితిలో ఎవరూ కొనరు. ఇరవై అయిదు పైసలు, అంతకు తక్కువ నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి కనుక వాటికి ముఖవిలువ కూడా లేదు. యాభై పైసల నాణెం మాత్రం నేటికీ చెల్లుతుంది. దుకాణదారులు తీసుకోకపోవడం వేరే సంగతి. పది రూపాయల నాణెం విషయంలోనూ ఇదే జరిగినది. కొన్ని నమూనాలు నకిలీవన్న పుకారు వ్యాపించగా, అప్పటివరకు విడుదలైన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చినది.

స్టీలు గట్టి లోహం కావడంతో ఈ నాణేలపై అరుగుదల త్వరగా తెలియదు. అశోక స్తంభంలోని సింహాల ముఖాలు, జూలు ముందుగా మొద్దుబారుతాయి. వీటి సేకరణలో కొత్త మెరుపు ఉన్నవాటికే ధర.

శుభ్రపరచడం వలన నష్టం

నాణేల విలువను ఎక్కువగా పాడుచేసేది కాలం కాదు, ఇంటివారి శ్రద్ధ. రాగి చెంబును తోమినట్లు నాణేన్ని చింతపండుతోనో, విభూతితోనో, పాత్రల పొడితోనో తోమితే అది తళతళలాడుతుంది. కాని దానితో పాటు పైపొర పోతుంది, తలంపై వందల సన్నని గీతలు పడతాయి. భూతద్దం కింద ఇవి ఒకే దిశలో సమాంతరంగా కనిపిస్తాయి. అనుభవజ్ఞుడు ఒక్క చూపులో పసిగడతాడు. వెండిపై సహజంగా ఏర్పడిన నలుపు, నీలి ఛాయలను సేకర్తలు లోపంగా కాక అందంగా భావిస్తారు. ఒకసారి పోగొట్టిన ఆ పొరను తిరిగి తేవడం సాధ్యం కాదు.

లక్ష్మీపూజలో ఉంచిన నాణేలకు పసుపు, కుంకుమ అంటుకొని ఉంటే శుద్ధజలంలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని నూలుగుడ్డపై ఆరనివ్వాలి. అంతకు మించి ఏమీ చేయకపోవడం మేలు. రాగి, కంచు నాణేలపై గట్టిపడిన ఆకుపచ్చ చిలుము అంత ప్రమాదం కాదు. పొడిపొడిగా రాలుతూ వ్యాపించే చిలుమైతే ఆ నాణేన్ని మిగిలినవాటి నుండి వేరుచేయాలి. పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో దాచిన నాణేలపై కొన్నేళ్లకు జిగటగా ఆకుపచ్చ పూత ఏర్పడుతుంది. ఆల్బము కొనేటప్పుడు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

విలువ కట్టడం

వెండి నాణేనికి కనీస ధర కట్టడం సులభం. పాత చార్మినార్ రూపాయిలోని 9.14 గ్రాములను ఆనాటి గ్రాము వెండి ధరతో గుణించాలి. గ్రాము 100 రూపాయలనుకొంటే 914 రూపాయలు. సగం వెండి రూపాయికి 5.59 గ్రాముల లెక్కన 559 రూపాయలు. అరిగినంత మేర తగ్గించుకోవాలి. మామూలు సంవత్సరాల అరిగిన రూపాయలు ఈ ధరకు కాస్త అటూ ఇటూగానే అమ్ముడవుతాయి. స్థితి ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ దాటినప్పుడు, లేదా సంవత్సరం అరుదైనది అయినప్పుడు సేకరణ విలువ వెండి విలువను మించిపోతుంది.

ధరల పుస్తకాలలోని అంకె వర్తకుడు అమ్మే ధరకు సూచిక. అతడు కొనే ధర అంతకంటే బాగా తక్కువగా ఉండడంలో మోసమేమీ లేదు, అది వ్యాపారం. వేలంపాటలలో నిజంగా అమ్ముడైన ధరలు ఎక్కువ నమ్మదగినవి. అమ్మకానికి పెట్టిన ధర ఎంతైనా ఉండవచ్చు. ఎవరూ కొనని ధర ధరే కాదు.

ముద్రణ లోపాలున్న నాణేలకు కొంత గిరాకీ ఉన్నది. బొమ్మ పక్కకు జరిగి అచ్చుపడడం, ఒక నాణెపు అచ్చు వేరొక నాణెపు బిళ్ళపై పడడం, ఒక ముఖపు బొమ్మే రెండో వైపున తిరగబడి లోతుగా పడడం వంటివి నిజమైన లోపాలు. రైలు పట్టాలపై నలిగినవి, ఆమ్లంలో పలచబడినవి, సుత్తి దెబ్బలు తిన్నవి లోపాలు కావు, పాడైన నాణేలు మాత్రమే.

మోసాలు

2012లో మాతా వైష్ణోదేవి దేవస్థానం బోర్డు రజతోత్సవ సందర్భంగా విడుదలైన అయిదు, పది రూపాయల నాణేలకు లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటనలు చాలాకాలంగా తిరుగుతున్నాయి. ఇవి చలామణీ కోసం విరివిగా ముద్రించిన సామాన్య నాణేలు. ఇటువంటి ప్రకటన చూసి సంప్రదించినవారిని నాణెం చూపమని అడగకుండానే నమోదు రుసుము, పన్ను, రవాణా ఖర్చు అని వరుసగా డబ్బు కట్టమంటారు. కొనేవాడు అమ్మేవాని నుండి ముందుగా డబ్బు అడగడమే మోసానికి తిరుగులేని గుర్తు. తన పేరును, చిహ్నాన్ని వాడుకొని పాత నోట్లు, నాణేల పేరిట రుసుములు వసూలు చేస్తున్నారని, తాను అటువంటి లావాదేవీలు జరపనని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక జారీచేసినది.

మరొక రకం రామ పట్టాభిషేకం, హనుమంతుడు మొదలైన బొమ్మలతో 1818 అనే సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు గల 'అణా'లు. కంపెనీ ఇటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. ఇవి తరువాతి కాలంలో తయారైన బిళ్ళలు. అయస్కాంత శక్తి, బియ్యాన్ని లాగే శక్తి అంటూ వీటికి అంటగట్టిన కథలన్నీ కల్పితాలే.

చట్టపరమైన అంశాలు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరు సంవత్సరాలు నిండిన నాణెం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. హిజ్రీ 1330ల నాటి చార్మినార్ రూపాయలన్నీ ఇప్పటికే ఈ పరిధిలోకి వచ్చాయి. విదేశాలలో స్థిరపడిన పిల్లలకు తాతగారి రూపాయలు పంపదలచినవారు ఈ సంగతి గమనించాలి. పునాది తవ్వకంలోనో, పొలం దున్నేటప్పుడో పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. చెల్లుబాటులో ఉన్న నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం కింద శిక్షార్హమైన నేరం.